పాటలు కోసేస్తే ఆ నాటకం ఎవరిది?

పేరూ ఊరూ బయటపెట్టొద్దంటూ అమెరికా నుంచి ఒక పాఠకురాలు అయిదు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా ఆవిడ సమస్య ఇది.

ఆవిడకి నలభై ఏడేళ్లు. అక్కడికి వెళ్లి పద్దెనిమిదేళ్లయింది. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. తొమ్మిదేళ్ల కిందట, తమ ఊరి కమ్యూనిటీ థియేటర్‌లో దుస్తులు కుట్టేవాళ్లు కావాలని తెలిసి వెళ్లారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ రిటైరైనవాళ్లూ సాయంత్రాలు చేరి, పైసా తీసుకోకుండా నాటకాలు వేసే బృందం అది. మొదట బొత్తాలు కుట్టారు, తర్వాత తెర పక్కన నిలబడి డైలాగులు అందించారు, ఆ తర్వాత మెల్లగా రాయడం మొదలుపెట్టారు. నిరుడు డిసెంబరులో ఆవిడ రాసిన క్రిస్మస్ సంగీత నాటకాన్ని బృందం ఆరుసార్లు వేసింది. ఆరుసార్లూ హాలు నిండింది.

కథ క్రిస్మస్ ముందు రోజు రాత్రి, పోస్టాఫీసులో చిరునామా దొరకని ఉత్తరాల గదిలో జరుగుతుంది. ఆ రాత్రితో రిటైరయ్యే ముసలి గుమస్తాకి కుప్పలో ఒక కవరు కనిపిస్తుంది. అది తెలుగులో ఉంటుంది. అక్కడెవరికీ చదవడం రాదు. గది ఊడవడానికి వచ్చిన ఆవిడ వెంట ఉన్న చిన్నపిల్ల దాన్ని చదువుతుంది. లోపలున్నది ఒక జోలపాట. ఆ పిల్ల వేషం వేసింది పాఠకురాలి పన్నెండేళ్ల కూతురే. దీనికి తోడు ఇద్దరు కుర్ర ఉద్యోగుల ప్రేమకథ, మేనేజర్ పాడే ఒక హాస్యపు పాట ఉన్నాయి. మొత్తం పదకొండు పాటలు, గంటా యాభై నిమిషాలు. బాణీలు కట్టింది బృందంలో పియానో వాయించే రిటైర్డ్ మ్యూజిక్ టీచర్.

ఇప్పుడు డైరెక్టర్ ఈ నాటకాన్ని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కమ్యూనిటీ థియేటర్ వారి పోటీకి, ముందు రాష్ట్ర స్థాయికి, తీసుకెళ్దామన్నారు. అక్కడ గంట దాటకూడదు. ఆయనే కత్తిరించి ఒక ప్రతి పంపారు. అందులో ఏడు పాటలు లేవు. తెలుగు జోలపాట ఉన్నచోట ఇంగ్లిష్ పాట వచ్చింది, "జడ్జిలకి అర్థం కాదు" అని పక్కన రాశారు. మొదటి పేజీలో రచయితల పేర్ల దగ్గర ఆయన పేరు కూడా చేరింది, రెండో అంకం తాను తిరగరాయించానని. ఈవిడ "థాంక్స్, చూస్తాను" అని ఈమెయిల్ పెట్టి ఊరుకున్నారు. అదే ప్రతి అందుకున్న టీచర్‌గారు నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. భర్తేమో, పోటీకి వెళ్తే పేరొస్తుంది కదా, ఊరుకో అంటున్నారు. ఎవరి మధ్యా రాతపూర్వకంగా ఏమీ లేదు. మూడు వారాల్లో జవాబు చెప్పాలి.

"నేను నోరు విప్పితే అందరి ఉత్సాహం మీదా నీళ్లు చల్లినట్టవుతుంది. విప్పకపోతే నా నాటకం నాది కాకుండా పోతుంది. ఇన్నేళ్లుగా నన్ను తమ మనిషిలా చూసుకున్నవాళ్లు. వాళ్ల దగ్గర కాగితం, సంతకం అని ఎలా అడగను?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల నిండా నాటకం ఉంది, డైరెక్టర్‌గారు ఉన్నారు, టీచర్‌గారు ఉన్నారు. మీరు కనిపించింది ఆఖరి పేజీలోనే, అదీ ఒక ప్రశ్నగా. ఎలా అడగను అని. దీన్ని మనం మొహమాటం అంటాం. పరాయివాళ్ల దగ్గర ఇది అంతగా ఉండదు, మనవాళ్లు అనుకున్నవాళ్ల దగ్గరే గొంతు పట్టుకుంటుంది. "థాంక్స్, చూస్తాను" అని మీరు రాసిన రెండు మాటల్లో ఉన్నది అదే. మీకు అది వాయిదా. ఆయన దాన్ని ఒప్పుకోలుగా చదువుకుని ఉండొచ్చు. ఆయన తప్పు కూడా కాదు అది.

పోటీకి వెళ్లాలా వద్దా అన్నదాన్ని కాసేపు పక్కన పెడదాం. అంతకన్నా ముందు, ఆ నాటకంలో ఎవరిది ఎంత అన్నది తేలాలి. అది తేలకుండా మీరు అవునన్నా కాదన్నా గొడవ తిరిగి మీ గుమ్మంలోకే వస్తుంది.

మీ పరిస్థితి మీరు భయపడుతున్నంత బలహీనంగా లేదు. అమెరికాలో 1976 కాపీరైట్ చట్టం ప్రకారం, రాసింది కాగితం మీదకో కంప్యూటర్‌లోకో ఎక్కిన క్షణం నుంచీ హక్కు రాసినవాళ్లదే. దానికి ఎవరి ముద్రా అక్కర్లేదు. అయితే మాటలు ఒకరివి, బాణీలు ఇంకొకరివి అయి, రెండూ కలిసి ఒకే నాటకం కావాలని ఇద్దరూ అనుకుని చేసినప్పుడు, ఆ చట్టం దాన్ని ఉమ్మడి రచనగా చూసే అవకాశం ఎక్కువ. వేరే ఒప్పందం లేకపోతే ఉమ్మడి రచనలో ఇద్దరికీ సమానంగా హక్కుంటుంది. ఎవరు ఎన్ని రాత్రులు మేలుకున్నారన్న లెక్క అక్కడ పనికిరాదు. పైగా, ఇద్దరిలో ఎవరైనా ఇంకో బృందానికి "వేసుకోండి" అని విడిగా అనుమతి ఇవ్వొచ్చు, వచ్చిన డబ్బులో రెండోవారి వాటా ఇస్తే సరిపోతుంది. ఇప్పుడైతే మీరూ టీచర్‌గారూ స్నేహితులు. ఈ హక్కు రచయితల్లో ఆఖరివారు పోయాక ఇంకో 70 ఏళ్లు ఉంటుంది. అంటే రేపు మీ అమ్మాయీ, ఆవిడ మనవలూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే దీని గురించి మాట్లాడుకోవాల్సి రావచ్చు.

సంగీత నాటకాల వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కథా సంభాషణలకి ఒక వంతు, పాటల సాహిత్యానికి ఒక వంతు, సంగీతానికి ఒక వంతు. ఆ లెక్కన మీరు చేసినవి రెండు పనులు, ఆవిడది ఒకటి. కాగితం లేకపోతే సగం సగం, ఆనవాయితీ ప్రకారమైతే మీకు మూడింట రెండు వంతులు. ఇందులో ఏది న్యాయమో నేను చెప్పను. ఆ పదకొండు బాణీలు లేకపోతే ఇది మామూలు నాటకంగా మిగిలిపోయేదని మీకు మనస్ఫూర్తిగా అనిపిస్తే సగమే రాసుకోండి. తెలిసి ఇచ్చినదాని గురించి మనిషి తర్వాత బాధపడడు. ఇంకొకటి కూడా రాసుకోవాలి: మాటలూ బాణీలూ ఏ రోజు నుంచి విడదీయరానివి అన్నది. సాధారణంగా మొదటి ప్రదర్శన నుంచో, పలానా తేదీ నుంచో అని రాస్తారు. అది లేకపోతే మనసు కష్టపెట్టుకున్న రోజున ఆవిడ "నా బాణీలు నాకిచ్చేయండి" అనొచ్చు, మీరు "నా పాటలు" అనొచ్చు. అలా ఆగిపోయిన నాటకాన్ని మళ్లీ ఎవరూ వేయలేరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కాలేజీలో ఉన్నప్పుడు నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక నాటికకి పాటలు రాశాం. పోటీలో బహుమతి వచ్చింది. వేదిక మీద చదివిన కాగితంలో నా పేరొక్కటే ఉంది. నేను రాయించలేదు, కానీ ఆ క్షణంలో మైకు దగ్గరికి వెళ్లి రెండో పేరు చెప్పనూ లేదు. అంతమంది ముందు ఎందుకులే అని మొహమాటపడ్డాను. ఆవిడ నాతో మళ్లీ మాట్లాడటానికి పదకొండేళ్లు పట్టింది. అందులో రూపాయి ప్రసక్తి కూడా లేదు. అందుకే మీ టీచర్‌గారు ఫోన్ ఎత్తడం లేదని చదవగానే మనసు అక్కడే ఆగిపోయింది. ఆవిడకి కోపం పాటలు పోయినందుకు కాకపోవచ్చు. తనని అడగకుండా పోయినందుకు, అందులో మీరూ ఉన్నారేమో అన్న అనుమానానికి.

కాబట్టి ముందు ఆవిడ దగ్గరికే వెళ్లండి. ఫోన్ వద్దు, ఇంటికి వెళ్లండి. "ఆ ప్రతి నేను చేయించింది కాదు. మీకెలా వచ్చిందో నాకూ అలాగే వచ్చింది. మన పాటల్లో ఏది ఉండాలో మనిద్దరం కూర్చుని చూద్దాం" అని చెప్పండి. కాగితం మాట ఆ రోజే ఎత్తొచ్చు. "మనం బాగున్నప్పుడే రాసుకుందామండీ, మన తర్వాత పిల్లలు ఇబ్బంది పడకూడదు" అంటే ఎవరూ నొచ్చుకోరు. డ్రమాటిస్ట్స్ గిల్డ్ అని నాటక రచయితల సంఘం ఉంది, సభ్యులకి ఇలాంటి ఒప్పందాల నమూనాలు ఇస్తుంది, సలహా కూడా చెబుతుంది. సంతకాలయ్యాక ఇద్దరి పేర్లతో కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. ఆన్‌లైన్‌లో 65 డాలర్లు. హక్కు దానివల్ల పుట్టదు గానీ, రేపెప్పుడైనా కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తే ముందు అది ఉండాలి.

ఇక డైరెక్టర్‌గారు. ఉత్తరంలో ఆయన మీద మీకు ఎంత గౌరవం ఉందో తెలుస్తూనే ఉంది. మీ చేత రాయించింది ఆయనే అన్నారు. రెండో అంకం గురించి ఆయన ఇచ్చిన సలహా పనిచేసిందని కూడా ఒప్పుకున్నారు. సలహా ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పాలి, ప్రోగ్రామ్ పుస్తకంలో పెద్దక్షరాల్లో చెప్పండి. రచయిత అనడం వేరే సంగతి. 1998లో న్యూయార్క్‌లో ఇలాంటి తగువే అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది. 'రెంట్' అనే సంగీత నాటకానికి స్క్రిప్టు మెరుగుపరచడంలో సాయపడిన ఒకావిడ తానూ సహరచయితనే అని దావా వేసింది. సాయం చేసినంత మాత్రాన సరిపోదు, మనమిద్దరం కలిసి రచయితలం అని ఇద్దరికీ ఉద్దేశం ఉండాలి అని కోర్టు తేల్చింది. ఆ ఉద్దేశం ఉందో లేదో చూడటానికి కోర్టు పట్టించుకున్నవాటిలో ఒకటి, స్క్రిప్టుల మీద రచయితగా ఎవరి పేరు వేశారన్నది. అక్కడ రచయితగా ఒక్క పేరే ఉంది, ఆవిడ పేరు స్క్రిప్టు సలహాదారుగా ఉంది.

మీకు దీంతో పనేమిటంటే, నిరుడు డిసెంబరు పోస్టరు ఒకటి తీసి భద్రంగా దాచుకోండి. అందులో ఆయన పేరు దర్శకుడిగానే ఉందని రాశారు. ఈ కొత్త ప్రతి మొదటి పేజీలో ఆయన పేరు రచయితల వరసలో ఉంది. మీరు ఏమీ అనకుండా అదే పేజీ పోటీకి వెళ్లి, ప్రోగ్రామ్‌లో అచ్చయితే, రేపు "ఉద్దేశం ఉంది కదా" అనడానికి ఆధారం మీరే ఇచ్చినట్టు. పేరు విషయంలో మాత్రం ఈ వారమే మాట్లాడండి, ఇది ఆగేది కాదు. ముందు మాటతో చెప్పి, ఆ తర్వాత చిన్న ఈమెయిల్: మీరు పంపిన ప్రతికి నేనూ టీచర్‌గారూ ఇంకా ఒప్పుకోలేదు, రచన వరసలో మా ఇద్దరి పేర్లే ఉండాలి, కోతల గురించి పలానా రోజుకి మేమే మా ప్రతి ఇస్తాం. మూడు వాక్యాలు చాలు. క్షమాపణలతో మొదలుపెట్టకండి.

ఆయన నొచ్చుకోవచ్చు. దాన్ని నేను తేలిగ్గా తీసేయను. ఒకే బృందంలో తొమ్మిదేళ్లు ఉన్నాక రిహార్సల్‌లో ఒక మనిషి ముఖం తిప్పుకుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో తెలుసు. కానీ ఈ పోటీ నియమాల్లోనే మీకు ఒక ఆసరా ఉంది. కాపీరైట్ ఉన్న నాటకాన్ని కత్తిరించి వేయాలంటే హక్కుదారు అనుమతి ఉందని చూపించాలి. కాగితం అడుగుతున్నది మీరొక్కరే అనుకోకండి, పోటీవాళ్లే అడుగుతారు. ఈ మాట ఆయనతో చెబితే ఆయనకీ సులువుగా ఉంటుంది.

ఇప్పుడు కోత గురించి మాట్లాడుకుందాం. ఈ భాగం రాయాలని చదువుతున్నప్పటి నుంచే చెయ్యి ఆగడం లేదు.

గంట అంటే గంటే. దాటితే పోటీ నుంచి తీసేస్తారు. ప్రేక్షకులు నవ్వితే, చప్పట్లు కొడితే ఆ సెకన్లూ మీ లెక్కలోకే వస్తాయి కాబట్టి రిహార్సల్‌లో యాభై అయిదు నిమిషాలకి పూర్తయ్యేలా ఉండాలి. మీ దగ్గర నూట పది నిమిషాలున్నాయి, అంటే సరిగ్గా సగం పోవాలి. పాట సగటున మూడున్నర నిమిషాలు అనుకుంటే పదకొండు పాటలకీ సుమారు ముప్పై ఎనిమిది నిమిషాలు, మిగతా డెబ్బై చిల్లర మాటలు. డైరెక్టర్‌గారు ఏడు పాటలు తీసేశారు. నాలుగు పాటలు మిగిలితే అది సంగీత నాటకంగా నిలబడదు. అందరికీ ఏదో ఒక దెబ్బ తగిలి, ఏ సీనూ ఊపిరి పీల్చుకోలేని నాటకం అవుతుంది.

మీరు వేరేలా చూడండి. చెట్టుకి ఆకులు గిల్లకండి, ఒక కొమ్మే కొట్టేయండి. కుర్ర ఉద్యోగుల ప్రేమకథ మొత్తంగా తీసేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మీరు రాసిన వరస ప్రకారం దానికి మూడు పాటలున్నాయి. మేనేజర్ హాస్యపు పాటతో కలిపి నాలుగు. గుమస్తా, ఆ తల్లీపిల్లా, ఆ కవరు మిగులుతాయి, ఏడు పాటలతో. అవి ఇరవై అయిదు నిమిషాలు. మాటలకి ముప్పై నిమిషాలు. మొదటి అంకంలో గుమస్తా వీడ్కోలు కోసం కేకు తెచ్చే ఇరవై నిమిషాలు ఎగిరిపోయి, తెర లేచేసరికే కవరు ఆయన చేతిలో ఉంటుంది. నాకు ఊహలో అది బాగానే ఉంది. ప్రేమకథలో వేసిన ఇద్దరు కుర్రాళ్లకి మాత్రం ఇది చేదు కబురే, వాళ్లకి మీరే చెప్పాలి, వేరేవాళ్ల నోట తెలియకూడదు. పాట లోపల చరణం తీసే పని టీచర్‌గారిది, మీరు చేయొద్దు. మాటల్లో అనవసరం అనిపించిన చరణం బాణీలో మెట్టు అయి ఉండొచ్చు. అది లేకపోతే ఆఖరి పల్లవి ఎక్కే ఎత్తు ఉండదు.

ఇంకో కోత మీరు ఆలోచించి ఉండరు, సామాను కోత. ఈ పోటీలో నాటకం మొదలవడానికి ముందు మీ సెట్టూ సామానూ అంతా పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చదరంలో ఇమడాలి. అక్కడి నుంచి వేదిక మీద అమర్చుకోవడానికి పది నిమిషాలు, నాటకం అయ్యాక తీసేయడానికి పది నిమిషాలు. మీవారు గ్యారేజీలో మూడు వారాంతాలు కష్టపడి చేసిన ఉత్తరాల అర, నలభై ఎనిమిది గళ్లది, పన్నెండు అడుగులు అని రాశారు. అది నిలువునా రెండుగా కోసి, మధ్యలో బందులు వేసి, పుస్తకంలా మడిచేలా చేయాలి. గళ్లలో ఉన్న ఉత్తరాలు మడిచినప్పుడు జారిపోకుండా ఒక్కో గడికీ గుడ్డ పట్టీ వేయాలి, అది మీకు చేతనైన కుట్టుపనే. ఈ విషయంలో మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. "ఊరుకో" అన్నాయన చేతికి ఆ అర కోసే రంపం ఇస్తే, కోయడమంటే ఏమిటో ఆయనకే తెలుస్తుంది. ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చాలని అన్నారని నాకు అనిపించలేదు. మీరు రాత్రిళ్లు నిద్రపోకపోవడం చూసి, త్వరగా తేలిపోవాలని అన్నట్టుంది.

జోలపాట సంగతికి వస్తాను. జడ్జిలకి అర్థం కాదు అన్నది నిజమే. కానీ ఆ గదిలో గుమస్తాకి కూడా అర్థం కాలేదు కదా. మీ కథ మొత్తం నిలబడింది ఆ అర్థం కాకపోవడం మీదే. మీరు రాసిన ఆ సన్నివేశం నాకు కళ్లకి కట్టింది: పిల్ల కవరు తిరగేసి వెలుతురుకి పట్టుకుంటుంది, మొదటి అక్షరం మీద వేలు పెడుతుంది, ముసలాయన ముద్ర కొడుతున్న చెయ్యి గాల్లోనే ఆగుతుంది. అప్పుడు ఆ పిల్ల ఇంగ్లిష్‌లో పాడితే, ఇంతసేపు ఈ ఉత్తరం ఎవరూ ఎందుకు చదవలేకపోయారని హాల్లో ప్రతి ఒక్కరూ అడుగుతారు. అయితే డైరెక్టర్‌గారి భయంలో తీసుకోవాల్సింది కూడా ఒకటుంది. ప్రేక్షకుడికి పట్టుకోవడానికి ఒక్క కొస కావాలి. ఒక చరణం తెలుగులో పూర్తిగా పాడనివ్వండి, అయ్యాక గుమస్తా "ఏముంది అందులో?" అంటే పిల్ల ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పనివ్వండి, పాడకుండా, మామూలుగా. ఇది ఆయన ముందు పెట్టి చూడండి. ఆ పోటీలో ప్రదర్శన అయ్యాక జడ్జిలు అందరి ముందే మాట్లాడతారు. ఆ చోటు గురించి వాళ్లు ఏమంటారో వినాలని నాకే ఉంది.

కానీ ఆ పాట గురించి ఒక సందేహం. "మా అమ్మమ్మ పాడేది, అమ్మ కూడా పాడుతుంది" అని మాత్రమే రాశారు. అమ్మమ్మ నోట విన్నంత మాత్రాన అది జానపదం అయిపోదు. సినిమాల్లో వచ్చిన లాలిపాటలు కూడా ఇళ్లలో ఉయ్యాల దగ్గరికి చేరి, ఎవరివో తెలియకుండా పోయాయి. అమెరికాలో ప్రచురితమై తొంభై అయిదేళ్లు దాటినవాటిని ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగు టాకీ పుట్టిందే 1930ల్లో. కాబట్టి సినిమా పాటయితే ఉచితమని అనుకోవద్దు. మాటలు ప్రాచీనమైనవే అయినా, మనం ఇప్పుడు పాడుకునే బాణీ ఎవరో ఈ మధ్య కట్టింది కావచ్చు, సంకీర్తనల్లో ఇది చాలా చోట్ల ఉంది. ఇది తేలకపోతే, టీచర్‌గారూ మీరూ కలిసి కొత్త జోలపాట కట్టుకోవడమే క్షేమం. క్రిస్మస్ కీర్తన ఏదైనా వాడి ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది. పాత కీర్తన అందరిదీ, కానీ మీరు వాయించే అమరిక ఎవరో ఇటీవల రాసినదైతే అది వాళ్లది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీరిద్దరూ కోసిన ప్రతితో పోటీకి వెళ్లడం ఒకటి. దీనికి కష్టం ఎక్కువ, డైరెక్టర్‌గారితో కొన్ని వారాలు ఇబ్బందిగా ఉండొచ్చు, కానీ గెలిచినా ఓడినా ఇంటికి తెచ్చుకునేది మీ నాటకమే. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. డిసెంబరులో మీ హాలుకి వచ్చినవాళ్లు సగం పండుగ మనసులోనే ఉండి వచ్చారు. పోటీలు ఇంకో కాలంలో జరుగుతాయి. రాష్ట్రం, ప్రాంతం దాటి జాతీయ స్థాయికి చేరితే అది బేసి సంవత్సరాల్లో, ఎండాకాలంలో ఉంటుంది. మంచూ దీపాలూ చేసిపెట్టిన పని అక్కడ మీ మాటలే చేయాలి. ఒకసారి పియానో లేకుండా, దుస్తులు లేకుండా, మామూలు గదిలో కుర్చీలేసుకుని చదివి చూడండి. అప్పుడు కూడా ఆ కవరు విప్పే చోట గది నిశ్శబ్దం అయితే వెళ్లొచ్చు.

డైరెక్టర్‌గారి ప్రతితోనే వెళ్లడం రెండోది. అందులో కూడా తప్పేం లేదు, ఆ ప్రతి ఈ ఒక్క పోటీకే అనీ, అందులో ఆయన రాసిన ముక్కలు మీ అసలు నాటకంలోకి రావనీ, పేర్లు మీ ఇద్దరివే అనీ రాసుకుంటే. బృందం సంతోషంగా ఉంటుంది. కానీ జోలపాట లేని ఆ గంటని మీ అమ్మాయి వేదిక మీద ఎలా మోస్తుందో ఆలోచించండి. ఆ పిల్లని అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు. నిర్ణయం ఆమెది కాదు, కానీ ఆమెకి ఒక అభిప్రాయం ఉండి ఉంటుంది.

వెళ్లకపోవడం మూడోది, మీరు దీన్ని ఓటమిగా రాశారు. నాకలా కనిపించలేదు. క్రిస్మస్ నాటకానికి ఇతర నాటకాలకి లేని అదృష్టం ఒకటుంది, అది ప్రతి డిసెంబరుకీ మళ్లీ పుడుతుంది. ఏటా ఆ నెలకి ఏం వేయాలా అని వెతుక్కునే బృందాలు చాలా ఉన్నాయి. ఒక్క గది సెట్టుతో, పెద్ద ఖర్చు లేకుండా అయ్యే మీ నాటకం వాళ్లకి పనికొస్తుంది. గంటా యాభై నిమిషాలూ, పదకొండు పాటలూ అలాగే ఉంచి, పక్క ఊరి బృందానికి చదవమని ఇవ్వొచ్చు. దీనివల్ల పోగొట్టుకునేది పోటీ ఇచ్చే గుర్తింపు, జడ్జిల మాటలు, మీ బృందం కలిసి బస్సెక్కి వెళ్లే ఆ సరదా. బృందంలో కొందరికి అదే ముఖ్యమై ఉండొచ్చు. వాళ్లకి మీరు జవాబు చెప్పుకోవాలి.

నాకైతే మొదటి దారి మీద మనసు పోతోంది, టీచర్‌గారు ఒప్పుకుంటేనే. ఆవిడ ఇంకా బాధలోనే ఉంటే ఈ ఏడాదికి పోటీ వదిలేయండి. మూడు వారాల గడువు కోసం ఆవిడ చేత అయిష్టంగా సంతకం పెట్టించొద్దు.

వరస మాత్రం మార్చకండి. ముందు టీచర్‌గారి ఇల్లు, ఆ తర్వాత డైరెక్టర్‌గారికి ఆ మూడు వాక్యాలు, ఆ తర్వాత మీ ఇద్దరి కోత ప్రతి. అన్నిటికన్నా ముందు చేయగలిగింది ఒకటుంది, దానికి ఎవరి దగ్గరా మొహమాటపడక్కర్లేదు. ఈ రాత్రి మీ అమ్మగారికి ఫోన్ చేసి, ఆ జోలపాట అమ్మమ్మకి ఎక్కడిదో అడగండి. ఆవిడకి అప్పటికి తెల్లవారి ఉంటుంది. మొత్తం పాడమనండి, రికార్డు చేసుకోండి.